లంకామె తల్లిగారిల్లు

“నువ్వస్తెనే లేపుతం బిడ్డా. తల్లిగారి చీర కప్పకుంట ఎట్ల లేపాలె?”

పొద్దున్నే ఫోన్లో సాయవ్వ అన్న మాట ఇది. తర్వాత కాసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే “జెల్ది రా, ఎండలు మండుతున్నయ్. ఐస్ డబ్బల పెట్టినం గని కరెంటు పోయి అస్తున్నది” అని గదమాయించి పెట్టేసింది.

పోయింది సాయవ్వ మరదలు, అంటే ఆమె తమ్ముడి భార్య. నిద్రలోనే పోయిందట. బోధన్ దగ్గర మా క్యాంపుకీ, పక్కనున్న ఊరికీ మధ్య దారిలో ఉంటుంది వాళ్ళ ఇల్లు. ఆమె పుట్టింది శ్రీలంకలో, పెళ్ళి చేసుకుంది కువైట్‌లో, బతికింది ఇక్కడ. పేరు పొడుగ్గా ఉండేది. ఎవరికీ నోరు తిరగలేదు. కొన్నాళ్ళు సరిచేసి సరిచేసి తనే విసిగి వదిలేసింది. ఊరంతా లంకామె అంది. ఆ పిలుపుకి ఆమె కోపం తెచ్చుకోలేదు. “రావణుడు గిక్కడికెల్లి ఒకామెను ఎత్కపోయిండు గద. మా ఆయన గక్కడికెల్లి ఒకదాన్ని తెచ్చిండు. బరాబర్ అయింది” అని నవ్వేది.

బరాబర్ ఆమె మాట. సమానం అనడానికీ, సరే అనడానికీ, న్యాయం అనడానికీ అదొక్కటే వాడేది.

నేను నిజామాబాద్‌లో ఉంటాను. మా ఆయనా నేనూ మందుల షాపు నడుపుతాం. సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించేసి, ఆయనకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి బట్టల దుకాణానికి పరిగెత్తాను. మా నాన్న పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు గానీ, తల్లిగారి చీర, అంటే పోయినామెకి పుట్టింటివాళ్ళు కప్పే చీర, ఆడవాళ్ళే తేవాలి, ఆడవాళ్ళే కప్పాలి. అమ్మ లేదు, నాయనమ్మ లేదు. మా ఇంటి ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

దుకాణాయన “పెట్టుబడి చీరలా అమ్మా?” అంటూ చవక చీరల కట్ట విప్పబోయాడు. “కాదు, తల్లిగారి చీర. మట్టికి పోతున్నాను” అన్నాను. ఆయన కట్ట మూసేసి, లోపలి నుంచి వేరే చీరలు తెచ్చి ముందు పెట్టి, పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఆకుపచ్చది తీశాను. పెట్టేసి పసుపుది తీశాను. అదీ పెట్టేశాను. చివరికి ఏది కట్టించుకున్నానో బస్సెక్కి సంచిలోకి చూసుకుంటే గానీ తెలియలేదు. ముదురు నీలం.

బస్సు కదలదు. డ్రైవరు చాయ్‌కి పోయాడు. నేను సీటు అంచున కూర్చొని కిటికీలోంచి అటూ ఇటూ చూస్తున్నాను. అలా కూర్చున్నానని తెలిసి నాకే నవ్వొచ్చింది. అది ఆమె కూర్చునే తీరు.

ఎక్కడా నిండుగా కూర్చునేది కాదు ఆ మనిషి. మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చోమంటే పట్టె మీద ఆనుకొని ఉండేది, చెప్పులు వదలకుండా. మాట్లాడుతూ మాట్లాడుతూ గుమ్మం వైపు చూసేది. వాళ్ళ ఇంట్లో తలుపు పక్కన మేకుకి ఒక సంచి ఎప్పుడూ తగిలించి ఉండేది. పాస్‌పోర్టు, ఒక జత బట్టలు, ఒక తువాలు అందులో. “ఎక్కడికత్తా ప్రయాణం?” అంటే “ఏడికి లేదు. ఊకెనే” అనేది. కువైట్‌లో పనిచేసిన ఇంట్లో ఎప్పుడు పొమ్మంటారో తెలియక అయిన అలవాటట. ఇక్కడ ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. ఆ రెండో సంగతే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదని నాకనిపిస్తుంది.

చాయ్ పోసినప్పుడు చూడాలి ఆమెను. ఎంతమందికి పోసినా గ్లాసులన్నీ ఒక వరసలో పెట్టి, మోకాళ్ళ మీద వంగి, కళ్ళు గ్లాసుల ఎత్తుకి తెచ్చి చూసేది. ఒకదాంట్లో చెంచాడు ఎక్కువుంటే తీసి తక్కువున్నదాంట్లో పోసేది. ఈలోపు చాయ్ చల్లారిపోయేది. “బరాబర్” అన్నాకే మా చేతికి అందేది. జామకాయ కోసినా అంతే, గింజలతో సహా పంచేది. మేం నవ్వేవాళ్ళం. నవ్వితే తనూ నవ్వేది గానీ పద్ధతి మార్చేది కాదు.

బోధన్ బస్టాండులో ఆమెతో బస్సెక్కడం ఒక పరీక్ష. ఇక్కడ బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫులు, తువాళ్ళు, ఒక్కోసారి చెప్పులు కూడా సీట్లలో పడతాయి. పడిన సీటు పడేసినవాళ్ళది. ఆమె మాత్రం వరసలో ఎక్కి, కర్చీఫు వేలి కొసలతో ఎత్తి పట్టుకొని, బస్సంతా వినబడేలా “ఎవలిది? ముందు ఎవలొచ్చిన్రు, ఈ గుడ్డనా నేనా?” అనేది. ఒకసారి ఒకాయన “ఇది మీ దేశం గాదమ్మా, కూసో ఏడన్న” అన్నాడు. “మా దేశంల గూడ గిట్లనే ఏస్తరు. గక్కడ గూడ కొట్లాడిన” అంది ఆమె. బస్సంతా నవ్వింది. ఆయన కర్చీఫు జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఆ సీటులో కూడా అంచునే కూర్చుంది.

ఇవాళ కండక్టరు వచ్చి నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు ఇచ్చాడు. ఆడవాళ్ళకి ఉచితం కదా. ఈ మధ్యనే ఒకసారి, ఇదే దారిలో, నా పక్కన ఆమె ఉంది. ఆమెకి ఆ కార్డు లేదు. కండక్టరు “దినాం ఎక్కుతవ్, నువ్వు నాకెర్కనే గద. జీరో కొడ్త తియ్యి” అన్నాడు.

“వద్దు. కార్డు ఉన్నోళ్ళకు ఫ్రీ. నాకు లేదు. పైసల్ తీస్కో” అంది.

“ఆయనే ఇస్తానంటున్నాడుగా అత్తా” అన్నాను చిన్నగా. నాకు సిగ్గుగా ఉంది, అందరూ చూస్తున్నారు.

“ఇయ్యాల ఇస్తడు. రేపు వేరే కండక్టర్ ఇయ్యడు. అప్పుడు నాకు కోపమొస్తది. గా కోపం నాకొద్దు.”

అంతమంది ఆడవాళ్ళలో టికెట్టు కొన్నది తనొక్కతే. దిగేదాకా దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకొని కూర్చుంది.

బస్సు కదిలింది ఎట్టకేలకు. ఊరు దాటాక రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలోనే వచ్చేవీ పోయేవీ. ఎదురుగా లారీ వస్తే బస్సు ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా ఫోన్లో టైము చూసుకుంటున్నాను. నాన్న ఫోన్ చేశాడు. “ఎక్కడున్నావమ్మా? కరెంటు మళ్ళీ పోయింది” అన్నాడు. “జానకంపేట” అన్నాను. ఇంకా రాలేదు జానకంపేట.

ఏడాదికొకసారి ఆమె నిజామాబాద్ వచ్చేది, పోలీసు ఆఫీసులో కనబడి వెళ్ళడానికి. వేరే దేశం వాళ్ళు అలా కనబడాలట. నన్ను షాపు నుంచి లాక్కుపోయేది తోడుకి. “నేనింక ఉన్ననని జెప్పొద్దాం పా” అనేది. ఒకసారి అక్కడికి కొత్తగా వచ్చినాయన “ఏ ఊరమ్మా?” అన్నాడు. ఆమె మా పక్క ఊరి పేరు చెప్పింది. “అట్ల కాదు, అసలు ఏ ఊరు?” అన్నాడు. మళ్ళీ అదే చెప్పింది. ఆయన నా వైపు తిరిగితే నేను కలగజేసుకొని వివరించాను. నా మాట తీరు విని, పాపం మర్యాదగానే, “మేడం, మీరు ఆంధ్రావాళ్ళా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నేను పుట్టింది బోధన్ ఆసుపత్రిలో. మా నాన్న పుట్టింది మా క్యాంపులో. గుంటూరు నేను చూసిందే తక్కువ, చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్తే అక్కడివాళ్ళు “తెలంగాణ వాళ్ళొచ్చారు” అంటారు. ఇదంతా ఆ పెద్దమనిషికి చెబితే ఏం లాభం? మెట్లు దిగుతూ ఆమె ఒకటే నవ్వు. “నన్ను సాలుకొక్కపారి అడుగుతరు. నిన్ను దినాం అడుగుతరు. నాదే నయం” అంది. నాకు నవ్వు రాలేదప్పుడు.

ఇంకోసారి ఎందుకో తనంతట తనే అంది. “కువైట్ల నేను మా ఆయన ఇద్దరం బయటోళ్ళమే. ఎవలన్న తిడ్తె ఇద్దర్ని తిట్టెటోళ్ళు. బరాబర్ ఉంటుండె. గీడికొచ్చినంక ఆయన ఊరోడైండు. నేనొక్కదాన్నే బయట పడ్డ.” అని, వెంటనే జాకెట్టు కొలతల సంగతిలోకి వెళ్ళిపోయింది. జాకెట్లు కుట్టేది మా క్యాంపు ఆడవాళ్ళకీ, ఊరి ఆడవాళ్ళకీ.

క్యాంపు అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. కాలువ నీళ్ళ కోసం మా ముత్తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి, భూములు కొని, పొలాల మధ్య వేసుకున్న ఇళ్ళ గుంపులివి. నాలుగు రోజులుండి పోతారనుకొని క్యాంపు అన్నారో ఏమో. ఎవరూ పోలేదు, పేరూ పోలేదు. చెరుకు వేశాం. ఫ్యాక్టరీ కూత విని నిద్ర లేచాం. అది మూతపడితే అందరితో పాటే వరికి మళ్ళాం. ఊళ్ళో జాతర చందా అడగకముందే మా వాళ్ళు తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. కాలువ పూడిక తియ్యాలంటే క్యాంపు మనుషులే ముందు దిగేవాళ్ళు. “మనం ఎవరి నోట్లోనూ పడకూడదు” అని నాయనమ్మ రోజూ అనేది. ఊరివాళ్ళు మమ్మల్ని ‘మీరు’ అంటారు, కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. అంతకు మించి దగ్గరికి రారు, తిట్టరు కూడా.

ఇక ఒడిబియ్యం సంగతి. పెళ్ళయిన ఆడపిల్లకి కొన్నేళ్ళకోసారి తల్లిగారు కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోస్తారు. ఆమె అవి తన ఇంటికి తెచ్చుకొని, వండి నలుగురికీ భోజనం పెడుతుంది. ఇది ఇక్కడి పద్ధతి. మాకు చలిమిడి, సారె తప్ప ఇది లేదు. సాయవ్వ కూతురి పెళ్ళిలో తమ్ముడూ మరదలూ కలిసి సాయవ్వ ఒడిలో బియ్యం పోశారు. పోసి లేచి మరదలు అడిగిందట, “మరి నాకు ఎవలు పోస్తరు వదినె?” అని. “నీ తల్లిగారిల్లు సముద్రం అవుతల ఉండె. ఏం జేద్దాం” అందట సాయవ్వ. పక్కనున్నవాళ్ళు నవ్వారట.

మర్నాడు మా ఇంటికొచ్చి, మంచం పట్టె మీద ఆనుకొని, నాయనమ్మతో చెప్పింది. ఏడవలేదు. ఫిర్యాదు చేసినట్టే చెప్పింది. “ఆమె ఒడిల నేను పోసిన. నా ఒడిల ఎవలు పొయ్యరట. గిది ఒక్కతీర్గ లేదు గద అవ్వా.”

నాయనమ్మ వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే, “బియ్యమేగా? ఇంటినిండా ఉన్నాయి. మంచిరోజు చూసుకొని మీ ఆయన్ని తీసుకొని రా. నే పోస్తా” అంది.

ఆ రోజు సాయవ్వ కూడా వచ్చింది, పద్ధతి చెప్పడానికి. నాయనమ్మ బియ్యం కొలిచే సోల పట్టుకొచ్చి కొంగులో పోయబోయింది. సాయవ్వ చెయ్యి పట్టుకొని ఆపింది. “అయ్యో అవ్వా, బిడ్డకు కొలిసి పోస్తరా? దోసిళ్ళతోని పొయ్యి.” నాయనమ్మ నాలుక కరుచుకొని సోల పక్కన పడేసింది. ముడతలు పడ్డ ఆ చేతులు పసుపు బియ్యంలో ముంచి ముంచి పోసింది. లంకామె నేల మీద కూర్చుంది, మొదటిసారి చెప్పులు బయట వదిలి. కొంగు బరువుకి ముందుకి వంగిపోయింది. మొహం వెలిగిపోతోంది.

“ఇగ అయిదు పిడికిళ్ళు తీసి అవ్వ ఒళ్ళె ఎయ్యి. తల్లిగారిల్లు ఒట్టిగ కావద్దు” అంది సాయవ్వ.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. కొంగులో ఉన్నదంతా చాటలోకి వొంపింది. అరచేతి అంచుతో నడిమికి చీల్చి రెండు కుప్పలు చేసింది. చెంప నేలకి ఆనేంత వంగి రెండు కుప్పల ఎత్తూ చూసింది. కుడుకలు పంచింది. ఖర్జూరాల్లో ఒకటి ఎక్కువ వస్తే కత్తిపీట అడిగి దాన్నీ రెండు ముక్కలు చేసింది. సగం నాయనమ్మ ముందుకి జరిపి, తల ఎత్తి చూసి, “బరాబర్” అంది సంతోషంగా.

నాయనమ్మ ఆ సగం వైపు చూసింది. “అంటే నాది నీకక్కర్లేదా అమ్మాయ్?” అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి అర్థం కాలేదు. సాయవ్వ వైపు చూసింది, వాళ్ళాయన వైపు చూసింది. ఆయన తల దించుకొని చెప్పులేసుకున్నాడు.

ఆ బియ్యం వండి పెట్టిన భోజనానికి నాయనమ్మ వెళ్ళలేదు. “తెలియక చేసిందిలే అమ్మా” అని నాన్న సర్దబోతే, “తెలియక కాదు. నాకు బాకీ ఉండకూడదని చేసింది. ఆ తెలివి నాకు తెలియందనుకున్నావా? జన్మంతా ఊరితో నేను చేస్తున్నదే అది” అంది. ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడింది. నాయనమ్మకి పంతం వస్తే దిగదు. చాలా ఏళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆమె మాత్రం సాయంత్రాలు మా గేటు దాకా వచ్చేది. కుట్టిన జాకెట్టు నా చేతికిచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి, గేటు ఊచ పట్టుకొని కాసేపు అటూ ఇటూ ఊగి వెళ్ళిపోయేది. ఒకరోజు ఆపి అడిగాను, ఎందుకలా చేశావని. “కువైట్ల ఎవలన్న ఏదన్న ఇస్తె సగం వాపస్ ఇయ్యాలె. లేకుంటె రేపు ‘నీకింత చేసినం’ అంటరు. ఎవల దగ్గర ఏం ఉంచుకోకుంటేనే తల ఎత్తి నడుస్తం” అంది. తర్వాత మెల్లగా, “అవ్వకు ఎందుకు కోపమొచ్చింది? నేను తక్కువ ఇచ్చిన్నా?” అంది. పుట్టింట్లో బాకీ పడొచ్చని ఎవరికైనా ఎలా నేర్పుతాం?

ఎడపల్లి దగ్గర బస్సు మళ్ళీ ఆగింది. గేటు పడింది. రైలు జాడ లేదు. దిగి నడుద్దామా అనిపించింది, అంత దూరం నడిచేది కాదని తెలిసి కూడా. సాయవ్వ ఫోన్. ఎత్తితే తిట్లు, ఎత్తలేదు.

కొన్నేళ్ళకి ఆమె భర్త పోయాడు. చెరుకు లోడు దింపి వచ్చి, నీళ్ళు తాగి మంచం మీద ఒరిగినవాడు లేవలేదు. వచ్చినవాళ్ళందరూ ఆమెను ఒకటే అడిగారు. “ఇగ మీ దేశం పోతవా?” జాలితోనే అడిగారు. ఒక్కరూ ‘ఉండు’ అనలేదు. సాయవ్వ కూడా “నీ ఇష్టం బిడ్డా, ఉంటె ఉండు, పోతె పో” అంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, మేకు మీద సంచి సర్దుతూ ఉండేది, అది సరిగ్గా ఉన్నా సరే.

పదో రోజు చుట్టాలు బట్టలు పెట్టే పెట్టుబడులు అయిపోయాయి. “తల్లిగారి చీర?” అని ఎవరో అన్నారు. ఎవరూ కదల్లేదు. అప్పుడొచ్చింది నాయనమ్మ, కర్ర పోటేసుకుంటూ, నాన్న వెనకాల. చీర ఆమె భుజాల మీద కప్పి, తల మీద చెయ్యి వేసి, ఏడవకుండా అంది. “లే. మీ అన్నయ్య ఆటో తెచ్చాడు. నిద్రకి మా ఇంటికి రావాలి.”

చావు జరిగిన ఇంటి కోడలిని ఒక్క రాత్రి పడుకోవడానికి పుట్టింటికి తీసుకెళ్తారు. అది ఊరికీ ఉంది, మాకూ ఉంది. ఆమె లేచింది. లేచి అలవాటుగా మేకు మీది సంచి అందుకుంది.

“సంచెందుకే?” అంది నాయనమ్మ గట్టిగా. “పుట్టింటికొచ్చే పిల్లకి కట్టుకోను గుడ్డ నేనివ్వలేననుకున్నావా?”

ఆమె చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. తర్వాత సంచి వదిలేసింది.

మర్నాడు పొద్దున మా వసారాలో నాయనమ్మ చాయ్ పోసింది. నాయనమ్మ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఆమె గ్లాసు అంచుదాకా నిండి పళ్ళెంలోకి ఒలికింది. నాయనమ్మ గ్లాసులో సగం కూడా లేదు. ఆమె రెండూ దగ్గరికి జరిపింది. మోకాళ్ళ మీద వంగింది. కళ్ళు గ్లాసుల ఎత్తుకి తెచ్చింది. నాన్నా నేనూ చూస్తున్నాం. నాయనమ్మ వీధి వైపు చూస్తోంది, తనకేమీ పట్టనట్టు. ఆమె చెయ్యి నిండు గ్లాసు మీదకి వెళ్ళింది. ఆగింది. తర్వాత దాన్ని ఎత్తి తనే తాగింది, ఒలికిన పళ్ళెంతో సహా.

“పంచదార సరిపోయిందా?” అంది నాయనమ్మ.

“ఎక్కువైంది” అంది ఆమె. అప్పుడు ఏడ్చింది, పదిరోజులూ ఏడవనిదంతా.

ఆమె శ్రీలంక వెళ్ళలేదు. జాకెట్లు కుట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయింది. మా ఇంట్లో ఏదిచ్చినా మారు మాట్లాడకుండా తీసుకునేది. మిగతా లోకంతో మాత్రం ఆమె కొట్లాట ఎప్పటిలాగే సాగింది. నాయనమ్మ పోయినప్పుడు మా ఇంటి ఆడపడుచుల వరసలో నిలబడి, అందరికంటే పెద్దగా ఏడ్చింది.

బస్సు దిగి ఆటోలో వెళ్ళేసరికి ఎండ నడినెత్తి మీదకొచ్చింది. టెంటు కింద జనం. ఊరివాళ్ళు ఒకవైపు, క్యాంపువాళ్ళు ఒకవైపు కుర్చీల్లో. నాన్న చెమటలు తుడుచుకుంటున్నాడు. కొరివి పట్టాల్సిన సాయవ్వ కొడుకు తడిబట్టలతో నిలబడ్డాడు. తలుపు పక్కన మేకు కనిపించింది. దానికి కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లు వేలాడుతున్నాయి.

నేను ఆటో దిగానో లేదో సాయవ్వ మీదకొచ్చింది.

“గిప్పుడా అచ్చేది? తల్లిగారోళ్ళు గింత ఆల్సెమా? పొద్దటి సంది గామెను డబ్బల పండవెట్టుకొని తొవ్వ సూస్తున్నం. ఫోన్ జేస్తె ఎత్తవ్. సిగ్గున్నదా నీకు?”

అందరి ముందూ అంది. ముందు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. గేటు పడితే నేనేం చెయ్యను అని నోటి దాకా వచ్చింది. మరుక్షణం ఒకటి తట్టింది. మా క్యాంపు మనిషిని ఈ ఊళ్ళో ఒకరు ఇలా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. సాయవ్వ నన్ను చిన్నప్పటి నుంచీ ‘అమ్మా’ అనీ ‘మీరు’ అనీ పిలిచిన మనిషి. ఇవాళ పొద్దున్న ఫోన్లో ‘నువ్వు’ అందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. నేను ఆమె చేతులు పట్టుకొని ఏడ్చాను. ఆమె తిడుతూనే నా కళ్ళు తుడిచింది.

చీర విప్పుతుంటే, ఏదో దూరపు ఊరి నుంచి వచ్చిన ముసలామె నన్ను ఎగాదిగా చూసి సాయవ్వని అడిగింది. “ఎవలే గీ పిల్ల? మాట గట్లున్నది. ఏడికెల్లి అచ్చిన్రు గీళ్ళు?”

“ఏడికెల్లి అచ్చుడేంది?” అని కసిరింది సాయవ్వ. “మా మరదలి మేనకోడలు. గా కుర్సీల కూసున్నాయన అన్న. గీళ్ళు గీ ఊరోళ్ళే.”

నాన్న తల ఎత్తి చూశాడు. రేపు కాలువ నీళ్ళ దగ్గర మాట తేడా వస్తే మళ్ళీ ఏమంటారో నాకు తెలియదు. ఇవాళ మాత్రం అన్నారు, నలుగురూ విన్నారు. నీలం చీర ఆమె మీద కప్పి, అంచులు రెండు వైపులా సమంగా వచ్చేదాకా సర్దాను. ఎవరి దగ్గరా ఏదీ ఉంచుకోని మనిషి. మేం పుట్టిల్లిచ్చాం. అందులో సగం, ఈ ఊరిని, మాకు ఇచ్చేసే పోయింది.